బెంగళూరులో మందు మానాలనుకుంటే: ఏఏ మీటింగ్ వెతుక్కోవడం, వెళ్ళడం, మళ్ళీ వెళ్ళడం

మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టేవాణ్ణి కాదు. వరసగా ఐదేళ్ళు అలా ఉన్నాను, అందుకే నేను తాగుబోతుని కాదని గట్టిగా నమ్మాను, నిజంగా తాగుబోతునైతే అన్ని రోజులు ఎలా ఉండగలను అని మా ఆవిడతో వాదించేవాణ్ణి. మాల తీసిన రోజు రాత్రి నేను ఎక్కడ ఉంటానో తనకి తెలుసు. ఆఖరి వారమంతా నేను రోజులు లెక్కపెడుతున్నానని కూడా తెలుసు. అమ్మ మీద ఒట్టు, పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు, తిరుపతి మొక్కు, జనవరి ఒకటి, అన్నీ అయ్యాయి. ఆ ఒట్లన్నీ నేనొక్కణ్ణే వేసుకున్నాను, నేనొక్కణ్ణే తప్పాను. ఈ ఆరేళ్ళుగా నన్ను నిలబెట్టింది మాత్రం, వారంలో కొన్ని సాయంత్రాలు ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, మందు మానాలనుకునేవాళ్ళ సంఘం) మీటింగ్‌కి వెళ్ళి నాలాంటివాళ్ళ మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీలో గంటో గంటన్నరో కూర్చోవడం.

ఆ కుర్చీ బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది, అక్కడిదాకా ఎలా వెళ్ళాలి, లోపల ఏం జరుగుతుంది, ఇదంతా నాకు ఎవరైనా ముందే తెలుగులో చెప్పి ఉంటే రెండేళ్ళు కలిసొచ్చేవి. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో గుంటూరు నుంచో వచ్చి మారతహళ్ళిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో ఉంటూ, రాత్రి రెండింటికి ఫోన్‌లో 'మందు మానడం ఎలా' అని వెతికేవాళ్ళ కోసం ఇది. వాళ్ళ అమ్మల కోసం, భార్యల కోసం కూడా. నా పేరు రాయను, మా దగ్గర అదే పద్ధతి.

మీటింగ్ కంటే ముందు ఒంటి సంగతి చూసుకోవాలి. రోజూ తాగేవాళ్ళు, ముఖ్యంగా పొద్దున్నే ఒక నైంటీ పడితే గానీ చేతి వణుకు ఆగనివాళ్ళు, ఆవేశంలో టక్కున ఆపేసి గదిలో తలుపేసుకుని పడుకోవద్దు. ఇక్కడ పట్టుదల పనికిరాదు. ఆఖరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి, 48 గంటల లోపల ఫిట్స్ రావచ్చు, రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొంతమందికి మతి తప్పి గోడ మీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు అనిపిస్తుంది. ఈ ఆఖరిదానికి వెంటనే వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్తే కొన్ని రోజులకి మాత్రలు రాసి, మెల్లగా డోసు తగ్గిస్తూ, బి1 విటమిన్ ఇచ్చి ఈ గండం దాటిస్తారు. ఇంతకుముందు ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చిన మనిషి అయితే ఆస్పత్రిలో చేరి మానడమే మంచిది. ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యండి, పొద్దునదాకా చూద్దాం అనుకోవద్దు.

బెంగళూరులో ఉన్నవాళ్ళకి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది, హోసూరు రోడ్డు మీద నిమ్‌హాన్స్‌లో సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ అని దీనికే ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. సీమ జిల్లాల నుంచి ఎంతోమంది అక్కడికే వస్తారు కాబట్టి తెలుగు మాట వినపడుతూనే ఉంటుంది. పొద్దున్నే వెళ్ళండి, ఇంటి మనిషిని ఒకరిని తోడు తీసుకెళ్ళండి, పాత చీటీలు, రిపోర్టులు ఉంటే పట్టుకెళ్ళండి, ఎంత తాగుతారో తగ్గించి చెప్పకండి. నేను రోజుకి రెండు క్వార్టర్లు అని చెప్పి నాలుగు దాచాను. డాక్టర్ ఇచ్చే మందు డోసు మనం చెప్పే ఆ లెక్క మీదే ఆధారపడుతుందని నాకు అప్పుడు తెలీదు. చెన్నైలో ఉన్నవాళ్ళయితే అడయార్ ఇందిరానగర్‌లో టీటీకే హాస్పిటల్ ఉంది, తాగుడు వల్ల భర్తని పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో మొదలుపెట్టిన సంస్థ అది.

ఇక మీటింగ్ ఎలా వెతుక్కోవాలి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్ళ వారీగా మీటింగులు ఉంటాయి, హెల్ప్‌లైన్ నంబర్ కూడా అక్కడే ఉంటుంది. వెబ్‌సైట్లో వెతకడం ఇష్టం లేకపోతే మత్తు మానడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన 14446కి చెయ్యండి, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కి చేసి తెలుగు ఎంచుకోండి, రెండింటికీ డబ్బు పడదు. మంచి డీఅడిక్షన్ వార్డు ఏదైనా సరే, అక్కడి కౌన్సెలర్‌ని అడిగితే దగ్గర్లో ఏ రోజు ఏ గ్రూపు ఉందో చెప్తారు, ఎందుకంటే ఏఏ వాళ్ళు వార్డులకి వచ్చి మాట్లాడి వెళ్తుంటారు. నేను మాత్రం ఫోన్ చెయ్యమనే చెప్తాను. ఏఏ నంబర్‌కి చేస్తే అవతల ఎత్తేది జీతం తీసుకునే ఉద్యోగి కాదు, మనలాగే తాగి మానేసిన మనిషి. కథంతా చెప్పక్కర్లేదు. "నేను కొత్త, మానాలనుకుంటున్నా, ఇవాళ సాయంత్రం దగ్గర్లో మీటింగ్ ఉందా" అంటే చాలు. నేను ఈ రెండు ముక్కలు కాగితం మీద రాసుకుని చూసి చదివాను, అవతలి ఆయన నవ్వలేదు, "ఎల్లిద్దీరా" అని ఒక్క మాట అడిగాడు, ఎక్కడున్నారు అని.

ఫోన్‌లో ఉన్నప్పుడే నాలుగు విషయాలు అడిగి రాసుకోండి. ఈ మీటింగ్ ఇప్పుడు నిజంగా నడుస్తోందా, ఏ భాషలో, ఏ గేటు ఏ అంతస్తు, ఓపెనా క్లోజ్డా. మొదటిది ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఉన్న పట్టికలు పాతబడతాయి, కోవిడ్ తర్వాత కొన్ని గ్రూపులు ఆన్‌లైన్‌కి మారాయి, కొన్ని హాలు మార్చుకున్నాయి. గేటు ఎందుకంటే మ్యాప్‌లో పిన్ను ముందు గేటు దగ్గర ఉంటుంది, మీటింగేమో వెనకాల స్కూలు గదిలో ఉంటుంది, మొదటిసారి వెళ్ళే మనిషి పది నిమిషాలు తచ్చాడితే ఇక వెనక్కి తిరిగేస్తాడు. ఓపెన్ మీటింగ్ అంటే ఎవరైనా రావచ్చు, భార్య, అన్న, స్నేహితుడు, తెలుసుకుందామని వచ్చినవాళ్ళు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకి మాత్రమే. తోడు లేకుండా వెళ్ళడానికి కాళ్ళు రాకపోతే మొదటిది ఓపెన్ మీటింగ్ చూసుకోండి.

భాష గురించి చాలామంది భయపడతారు. బెంగళూరులో ఎక్కువగా కన్నడ, ఇంగ్లిష్, తమిళం, హిందీ వినపడతాయి. మొదటి నెల అయ్యాక ఒక కన్నడ మీటింగ్‌లో నాకు మాట్లాడాలనిపించింది, నోరు తెరిస్తే తెలుగే వచ్చింది, 'మా నాన్న కూడా తాగేవాడు' అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు తెలుగులోనే మాట్లాడేశాను. ఎవరూ ఆపలేదు. మన మాట సగం అర్థమైనవాళ్ళకి కూడా మన గొంతు అర్థమవుతుంది. ఇంట్లో ఏడ్చినట్టు ఏడవాలంటే మాత్రం సొంత భాష కావాలి, అది నిజం. హైదరాబాద్ వైపు గ్రూపుల్లో తెలుగు నడుస్తుంది, ఫోన్ చేసినప్పుడు ఆన్‌లైన్‌లో చేరడానికి వీలున్న తెలుగు మీటింగులు ఏమైనా ఉన్నాయా అని అడగండి. అయితే ఆన్‌లైన్ ఒక్కటే పెట్టుకోవద్దు. కెమెరా ఆపేసి పక్కన గ్లాసు పెట్టుకుని కూర్చున్న రోజులు నాకున్నాయి.

ఏ మీటింగ్ ఎంచుకోవాలంటే, మ్యాప్‌లో దగ్గరగా కనపడేది కాదు, సాయంత్రం ట్రాఫిక్‌లో చేరగలిగేది. బెల్లందూరులో ఆఫీసు ఉన్నవాడికి ఆరున్నరకి కోరమంగళ మీటింగ్ అంటే అవుటర్ రింగ్ రోడ్డులోనే మీటింగ్ అయిపోతుంది. మెట్రో పక్కన ఉన్నది చూసుకోండి. 2023 అక్టోబర్ నుంచి పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ కాడుగోడి నుంచి చల్లఘట్ట దాకా నడుస్తోంది, 2025 ఆగస్టులో ఎల్లో లైన్ వచ్చాక బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్ళకి కూడా సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్ బాధ కొంత తగ్గింది. ఇంకో సంగతి, స్టేషన్ నుంచి మీటింగ్ దాకా నడిచే దారిలో మీకు అలవాటైన బార్ ఉంటే వేరే దారి పట్టండి, అర కిలోమీటరు ఎక్కువైనా సరే. సాయంత్రం ఆరున్నర అంటే చాలామందికి ఒళ్ళు అటే లాగే సమయం. ఏదైనా తిని వెళ్ళండి, ఖాళీ కడుపు మీద ఆ లాగుడు రెట్టింపు అవుతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ కనిపెట్టుకుని ఉండమని మా పెద్దవాళ్ళు చెప్తారు. నాలుగింట్లో వెంటనే తీర్చగలిగింది ఆకలే.

నా మొదటి రోజు గురించి చెప్తాను. ఒక చర్చి ఆవరణలో హాలు. ఎదురుగా టీ బండి. నేను ఇరవై నిమిషాల ముందే వెళ్ళి ఆ బండి దగ్గర నిలబడి, ఎవరెవరు లోపలికి వెళ్తున్నారో చూశాను, తూలుతూ వచ్చేవాళ్ళు, మాసిన బట్టలవాళ్ళు వస్తారని ఎదురుచూశాను. ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకున్న కుర్రాడు వచ్చాడు, తెల్లజుట్టు పెద్దాయన స్కూటర్ మీద వచ్చాడు, ఆటో ఆపుకుని ఖాకీ చొక్కాతో ఒకాయన దిగాడు. ఇదేదో వేరే మీటింగ్ అనుకుని వెళ్ళిపోబోయాను. ఆ స్కూటర్ పెద్దాయన లోపలికి వెళ్ళినవాడు మళ్ళీ బయటికొచ్చి, నా వైపు ఒకసారి చూసి, "బన్ని, కూత్కొళ్ళి" అన్నాడు, రండి కూర్చోండి అని, అంతే, పేరు అడగలేదు. లోపల ఫ్లాస్కులోంచి స్టీలు గ్లాసులో టీ పోసి ఇచ్చాడు. అందరికీ నిండా పోశాడు, నాకు మాత్రం సగమే పోశాడు. బెంగళూరులో బై టూ కాఫీ అలవాటే కదా అనుకున్నాను. గ్లాసు పట్టుకున్నాక అర్థమైంది, నా చెయ్యి వణుకుతోంది, నిండుగా పోస్తే చొక్కా మీద ఒలికేది. ఆయన నా మొహం కాదు, నా చెయ్యి చూశాడు. ఇరవై ఏళ్ళ కింద ఆయన చెయ్యి కూడా అలాగే వణికిందని తర్వాత చెప్పాడు.

లోపల జరిగేది ఇదీ. కుర్చీలు గుండ్రంగానో వరసగానో ఉంటాయి. ఒకరు నడిపిస్తారు, ఆయన కూడా మనలాంటివాడే, ఆ బాధ్యత మారుతూ ఉంటుంది. మొదట ఏఏ అంటే ఏమిటో ఒక పేరా చదువుతారు, పన్నెండు మెట్లలో, అంటే మానడానికి ఏఏ చెప్పే దారిలో, ఏదో ఒకటి చదువుతారు. తర్వాత ఒక్కొక్కరు తమ సంగతి చెప్తారు, ఎలా తాగేవాళ్ళో, ఏం జరిగిందో, ఇప్పుడెలా ఉన్నారో. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా ఇవ్వరు, 'నువ్వలా చెయ్యాల్సింది' అనరు. మన ఇళ్ళలో ఇలాంటిది ఎక్కడా చూడం, నోరు తెరిస్తే నలుగురు నాలుగు హితబోధలు చేస్తారు, అందుకే మొదట్లో ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది. మీ వంతు వస్తే 'నేను కొత్త, ఇవాళ వింటాను' అని ఊరుకోవచ్చు. 'నేను ఆల్కహాలిక్‌ని' అని చెప్పాలని బలవంతం లేదు. నాకు ఆ మాట నోటికి రావడానికి మూడు వారాలు పట్టింది. చివర్లో ఒక చిన్న ప్రార్థన ఉంటుంది, మార్చలేనివాటిని ఒప్పుకునే శాంతి, మార్చగలిగినవాటిని మార్చే ధైర్యం, ఏది ఏదో తెలుసుకునే తెలివి కావాలని అడిగేది. ఇష్టం లేకపోతే నిలబడి ఊరుకోండి.

ఫీజు లేదు. రిజిస్టర్ లేదు, ఆధార్ అడగరు, ఫొటో తీయరు. మధ్యలో ఒక సంచి తిరుగుతుంది, హాలు అద్దెకి, టీకి, పుస్తకాలకి. కొత్తవాళ్ళు వెయ్యక్కర్లేదు. బయటివాళ్ళ విరాళాలు ఏఏ తీసుకోదు, లోపలివాళ్ళ పదీ ఇరవైతోనే నడుస్తుంది. సభ్యుడు కావాలంటే ఒక్కటే అర్హత, మానాలన్న కోరిక. ఆ రోజు తాగి ఉన్నా రావచ్చు, గొడవ చెయ్యకుండా వెనక కూర్చుని వినండి. తాగి వచ్చి వెనక కూర్చున్న ఇద్దరు ఇవాళ మా గ్రూపులో టీ పోస్తున్నారు.

చర్చి హాలు అనగానే మనవాళ్ళలో కొంతమంది ఆగిపోతారు, మా అత్తగారైతే 'మతం మార్చడానికేమో చూసుకో నాయనా' అన్నారు. ఏఏ ఏ మతానిదీ కాదు, చర్చికి దానికి సంబంధం అద్దె వరకే, ఊళ్ళో తక్కువకి ఖాళీ గది ఇచ్చేది చర్చిలూ స్కూళ్ళూ కాబట్టి అక్కడ పెడతారు. మెట్లలో దేవుడి మాట ఉంటుంది, కానీ 'ఎవరికి వారు అర్థం చేసుకున్న దేవుడు' అని రాసి ఉంటుంది. మా గ్రూపులో నమాజు చేసుకుని వచ్చేవాళ్ళున్నారు, విభూతి పెట్టుకుని వచ్చేవాళ్ళున్నారు, దేవుడే లేడనే ఒకాయన ఉన్నాడు, ఆయనకి ఈ గ్రూపే తనకన్నా పెద్ద శక్తి. అది కూడా కుదరదనుకుంటే స్మార్ట్ రికవరీ అని 1994 నుంచి ఉన్న ఇంకో పద్ధతి ఉంది, దేవుడి ప్రసక్తి లేకుండా ఆలోచనల మీద పనిచేస్తుంది, ఆన్‌లైన్‌లో చేరవచ్చు. దేవుడి పేరు చెప్పి ఇంట్లోనే కూర్చోవద్దు, అంతే నేను అడిగేది.

ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తే? ఆఫీసువాడు కనపడితే? ఈ టెన్షన్ నాకు నెలల తరబడి ఉండేది. నిజంగానే ఒకరోజు మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఆయన కనపడ్డాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన అక్కడికి వచ్చిన కారణమే నేను వచ్చిన కారణం, ఇంక ఎవరు ఎవరికి చెప్తారు. ఇప్పుడు లిఫ్టులో కలిస్తే క్రికెట్ మాట్లాడుకుంటాం. అక్కడ విన్నది అక్కడే వదిలెయ్యడం మామూలు మర్యాద కింద అందరూ పాటిస్తారు. అయినా మనుషులం కాబట్టి, పోలీసు కేసులు, కోర్టు వ్యవహారాలు లాంటివి అందరి ముందు కాకుండా నమ్మకం కుదిరిన ఒక్కరితోనే మాట్లాడండి.

మీటింగ్ అయ్యాక వెంటనే పారిపోవద్దు, నిజమైన పని ఆ పదిహేను నిమిషాల్లోనే ఉంది. ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి. ఎందుకంటే, ఈ ఏఏ పుట్టిందే ఒక ఫోన్ కాల్‌తో. 1935 మే నెలలో అమెరికాలో బిల్ అనే ఆయన, అప్పటికి మానేసి కొన్ని నెలలే అయింది, వ్యాపారం చెడి అక్రన్ అనే ఊళ్ళో హోటల్ లాబీలో ఒక్కడే నిలబడ్డాడు. ఒక పక్క బార్, ఇంకో పక్క టెలిఫోన్. తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి అనిపించి, చర్చిల పట్టిక చూసి ఒక్కొక్కరికే ఫోన్ చేస్తూ పోతే చివరికి డాక్టర్ బాబ్ అనే సర్జన్ దొరికాడు. ఆ బాబ్ ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు. ఇందులో నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునేది ఒక్కటే, బిల్ ఫోన్ చేసింది తనని ఎవరో కాపాడతారని కాదు, అవతలివాడికి సాయం చేస్తే తను నిలబడతాడని. కాబట్టి రాత్రి పదకొండింటికి మీరు ఫోన్ చేస్తే 'ఇబ్బంది పెడుతున్నానేమో' అనుకోకండి. మీ ఫోన్ వల్ల ఆయనకి కూడా ఆ రాత్రి గడుస్తుంది. తాగాక కాదు, తాగకముందు చెయ్యాలి. తాగాలని లేనప్పుడు కూడా రోజూ ఊరికే ఒక కాల్ చేసి 'తిన్నారా' అని అడగడం అలవాటు చేసుకోండి, అలవాటు లేని చెయ్యి అవసరం వచ్చినప్పుడు నంబర్ నొక్కదు.

ఆ నంబర్లలో ఒకరు మెల్లగా స్పాన్సర్ అవుతారు. స్పాన్సర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు, మెట్ల దారిలో మన ముందు నడిచినవాడు. మగవాళ్ళు మగవాళ్ళని, ఆడవాళ్ళు ఆడవాళ్ళని అడగడం మంచిది. తొందరపడకండి, ఎవరి మాట వింటే మీ గుండె కొంచెం తేలికపడుతుందో రెండు మూడు వారాలు గమనించి అడగండి. కొత్తవాళ్ళని తొంభై రోజుల్లో తొంభై మీటింగులకి వెళ్ళమంటారు. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్ళకి అది కష్టమే, నేను మొదటి మూడు నెలల్లో యాభైకి పైగా వెళ్ళాను, మిగతా రోజులు ఫోన్ మీటింగులతో గడిపాను. వారానికి ఒక్కటితో సరిపెట్టుకుందామని చూసినవాళ్ళు మొదటి నెల దాటడం నేను పెద్దగా చూడలేదు.

మొదటి గ్రూపు నచ్చకపోతే ఏఏ నచ్చలేదు అనుకోవద్దు. కనీసం ఐదారు వేరువేరు గ్రూపులు చూడండి. ఒకచోట అందరూ రిటైరైనవాళ్ళే ఉంటారు, ఒకచోట ఐటీ కుర్రాళ్ళు, ఒకచోట కూలిపని చేసుకునేవాళ్ళు. నాకు నప్పింది ఆటో డ్రైవర్లు, తాపీమేస్త్రీలు ఎక్కువగా వచ్చే గ్రూపు, ఎందుకంటే వాళ్ళు చుట్టూ తిప్పి మాట్లాడరు. కొన్ని విషయాల్లో మాత్రం జాగ్రత్త. ఎవరైనా అప్పు అడిగితే ఇవ్వకండి, అడగకండి. కొత్తగా వచ్చిన అమ్మాయిల వెంట పడేవాళ్ళు ఉంటే ఆ గ్రూపు పాతవాళ్ళకి వెంటనే చెప్పండి, అదీ కుదరకపోతే గ్రూపు మార్చండి. 'మాత్రలు కూడా మత్తే, ఆపెయ్' అని ఎవరైనా అంటే వినొద్దు. డిప్రెషన్‌కి, ఫిట్స్‌కి డాక్టర్ రాసిన మందులు డాక్టర్ చెప్తేనే ఆపాలి, ఏఏలో ఉన్నవాళ్ళు డాక్టర్లు కారు. మా గ్రూపులో ఒకతను ఇలాంటి మాట విని మాత్రలు ఆపేశాడు, ఆ తర్వాత నెల రోజులు మేమందరం వంతులవారీగా అతని దగ్గర పడుకోవాల్సి వచ్చింది.

తాగే ఆడవాళ్ళ గురించి మన ఇళ్ళలో మాటే ఎత్తరు. మగవాడు తాగితే 'అలవాటు', ఆడది తాగితే ఇంటి పరువు. ఆ సిగ్గు వల్లే చాలామంది తలుపులు వేసుకుని తాగుతారు, జబ్బు ముదిరాక ఆస్పత్రికి వస్తారు. ఆడవాళ్ళకి మాత్రమే ఉండే మీటింగులు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో మరీ సులువు, హెల్ప్‌లైన్‌కి చేసినప్పుడు 'లేడీ మెంబర్ ఎవరైనా నాతో మాట్లాడతారా' అని అడగండి, తప్పకుండా మాట్లాడిస్తారు. మా గ్రూపుకి వచ్చే ఒక అక్క ఆరు నెలలు స్కార్ఫ్ తీయకుండా కూర్చుంది. ఎవరూ తీయమనలేదు.

ఇంట్లోవాళ్ళకి రెండు మాటలు. మీకు వేరే సంఘం ఉంది, అల్-అనాన్ అని, 1951లో తాగుబోతుల భార్యలు మొదలుపెట్టింది, పిల్లలకి అలటీన్. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్ళవచ్చు. మా ఆవిడ నాకన్నా నాలుగు నెలల ముందే వెళ్ళడం మొదలుపెట్టింది. నేను ఆఫీసుకి సెలవు పెడితే ఫోన్ చేసి 'జ్వరం' అని అబద్ధం చెప్పడం మానేసింది, బాటిళ్ళు వెతకడం, పారబొయ్యడం మానేసింది, బార్ బాకీలు కట్టడం మానేసింది. నాకు విపరీతమైన కోపం వచ్చింది. నన్ను మీటింగ్ దాకా తోసింది అదేనని ఇప్పుడు చెప్పగలను. ఇంకోటి, బస్సుల వెనక, గోడల మీద 'తాగేవారికి తెలియకుండా మాన్పించబడును' అని ఉంటుంది చూడండి, దయచేసి ఆ పొడులు తెచ్చి సాంబారులో కలపొద్దు. వాటిలో ఏముంటుందో మనకి తెలీదు, డైసల్ఫిరామ్ లాంటి, మందు ఒంటికి పడకుండా చేసే మాత్ర శరీరంలో ఉండగా మందు తాగితే వాంతులు, ఆయాసం, బీపీ పడిపోవడం, గుండెకే ప్రమాదం. ఆ మాత్ర తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూస్తుండగా వేసుకోవాల్సింది.

మధ్యలో జారితే? నేను ఎనిమిదో నెలలో జారాను. ఆఫీసు టీమ్ లంచ్, ఇందిరానగర్‌లో, ఒక్క బీరే కదా అని. మూడు రోజుల తర్వాత తేలాను. మీటింగ్‌కి మళ్ళీ వెళ్ళడం మొదటిసారి కన్నా కష్టంగా అనిపించింది, ఏడు నెలలు మానినందుకు గుర్తుగా ఇచ్చిన బిళ్ళ, చిప్ అంటారు, జేబులోనే ఉంది, దాన్ని తిరిగి ఇచ్చెయ్యమంటారేమో అని భయం. లోపలికి వెళ్ళి 'మూడు రోజులు తాగాను' అన్నాను. ఒకరిద్దరు తలూపారు, పక్కనున్నాయన కుర్చీ కొంచెం జరిపాడు, మీటింగ్ సాగిపోయింది. చిప్ ఎవరూ అడగలేదు. జారినవాళ్ళు వెళ్ళాల్సింది ఆ రాత్రి మీటింగ్‌కే, 'కాస్త కుదురుకున్నాక వెళ్తా' అని ఆగితే ఆ కుదురుకోవడం రాదు. ఒళ్ళు మళ్ళీ అలవాటులో పడి ఉంటే, మీటింగ్‌తో పాటు డాక్టర్ దగ్గరికి కూడా.

ఊరికి వెళ్ళేటప్పుడు ముందే ఏర్పాటు చేసుకోండి. సంక్రాంతికి, పెళ్ళిళ్ళకి, తిరునాళ్ళకి మనవాళ్ళు వదలరు, బావమరిది ఒకడు 'ఒక్క పెగ్గే కదా బావా' అంటూ గ్లాసు చేతిలో పెడతాడు, మేనమామకి వద్దంటే అవమానం. నేను పోయిన సంక్రాంతికి ఇలా వెళ్ళాను: రైల్లో తిరుగు టికెట్ ముందే తీసుకున్నాను, ఎంత బతిమాలినా ఒక రోజు ఎక్కువ ఉండేది లేదు. మా స్పాన్సర్‌కి రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తానని చెప్పాను. అడిగినవాళ్ళందరికీ 'లివర్ బాగాలేదు, డాక్టర్ వద్దన్నాడు' అని ఒకే మాట చెప్పాను, అది అబద్ధం కూడా కాదు. మేడ మీద మందు మొదలవగానే పిల్లల్ని తీసుకుని ముగ్గుల వైపు వెళ్ళిపోయాను. భోగి రోజు రాత్రి తొమ్మిదింటికి పెరట్లో పశువుల కొట్టం దగ్గర నిలబడి ఫోన్ చేస్తే, స్కూటర్ పెద్దాయన ఎత్తాడు, "ఊట ఆయ్తా?" అన్నాడు, భోజనం అయిందా అని. అయింది సార్ అన్నాను, మా అమ్మ చేసిన అరిసెల గురించి ఐదు నిమిషాలు మాట్లాడుకున్నాం, మందు ఊసే రాలేదు, మేడ మీద వాళ్ళ కేకలు వినపడుతూనే ఉన్నాయి.